తెలుగు రాత ఎంత పొడవు? చదవడానికి ఎంతసేపు?

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. ఆ ఊరి బొమ్మలగుట్ట మీద, వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు ఒక శాసనం చెక్కించాడు. ఆయన కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. ఆ శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కూడా ఉంది. తెలుగు భాగం మూడు కంద పద్యాలు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి దాదాపు వందేళ్ల ముందే రాతికెక్కిన కందాలు అవి.

ఆ మూడు పద్యాల పొడవెంత? ఛందస్సు తెలిసినవాళ్లు గుట్ట ఎక్కకుండానే చెప్పేస్తారు. కందంలో ఒకటి, మూడు పాదాలకు మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాలకు అయిదేసి గణాలు. మొత్తం పదహారు. ఒక్కో గణానికి నాలుగు మాత్రలు. కాబట్టి కందానికి 64 మాత్రలు, మూడు కందాలకు 192. మాత్ర అంటే కాలాన్ని కొలిచే ప్రమాణం. అందువల్ల ఈ లెక్కలో పద్యం పొడవు, దాన్ని చదవడానికి పట్టే సమయం ఒకేసారి తేలిపోతాయి.

ఈ రోజుల్లో మనం రాతను ఇలా కొలవడం లేదు. పరీక్షలో 200 పదాలకు మించకుండా రాయమంటారు. కథల పోటీకి పేజీలకో, పదాలకో హద్దు పెడతారు. ఫోన్‌లో ఒక వ్యాసం తెరిస్తే పైన "5 నిమిషాల్లో చదవొచ్చు" అని కనిపిస్తుంది. ఆ 5 నిమిషాల వెనక ఉన్న లెక్క సులువైనదే: వ్యాసంలో ఎన్ని పదాలున్నాయో చూసి, మనిషి నిమిషానికి చదవగలిగే పదాల సంఖ్యతో భాగిస్తారు. ఇంగ్లీషు కోసం తయారైన ఆ లెక్కను అలాగే తెచ్చి తెలుగుకు పెడితే తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో, తెలుగుకు ఏ లెక్క సరిపోతుందో చూడటానికి మన ఊళ్ల పేర్లు చాలు.

ఒక్క వాక్యం, అయిదు కొలతలు

"ముస్తాబాద్ నుంచి సిరిసిల్లకు పొద్దున్నే బయలుదేరాం."

ఈ వాక్యం పొడవెంత? పదాలు లెక్కపెడితే 5. కంటికి కనబడే అక్షరాలు లెక్కపెడితే, ద్ అనే పొల్లును కూడా కలుపుకుని 19. కంప్యూటరు లోపల దాచుకునే సంకేతాలు, ఖాళీలు, చివరి చుక్కతో కలిపి 50. డిస్కులో తీసుకునే చోటు 140 బైట్లు. ఛందస్సు ప్రకారం గురులఘువులు వేసి చూస్తే 28 మాత్రలు. ఒక చంపకమాల పాదానికి పట్టేవి కూడా సరిగ్గా అన్నే మాత్రలు.

అయిదు కొలతల్లోనూ తప్పేమీ లేదు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ఫోన్ సందేశం ఒకటిగా వెళ్తుందా, రెండు ముక్కలవుతుందా అని తెలియాలంటే సంకేతాలు లెక్కపెట్టాలి. ఇంగ్లీషు అక్షరాల సందేశానికి 160 వరకు చోటుంటుంది. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరినా ఆ చోటు 70కి పడిపోతుంది. 70 దాటితే సందేశాన్ని 67 సంకేతాల ముక్కలుగా కోసి పంపుతారు. 2013 జులైలో మన దేశంలో తంతి సేవ ఆగిపోయేదాకా టెలిగ్రాముకు పదానికింత అని డబ్బు కట్టేవాళ్లు. అక్కడ పదమే కొలత. రేడియో ప్రసంగానికి నిమిషాలే కొలత.

పాత కాలంలో గ్రంథాలను చేత్తో నకలు తీసేవాళ్లకూ ఒక కొలత కావలసివచ్చింది. మన దేశంలో 32 అక్షరాలను ఒక గ్రంథంగా లెక్కగట్టి, వచనం పొడవును కూడా దానితోనే చెప్పేవారు. అనుష్టుప్ శ్లోకంలో ఉండే అక్షరాలు అన్నే. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రీ.శ. 301లో ధరల శాసనం తెచ్చినప్పుడు, మేలైన దస్తూరీతో రాసిన 100 పంక్తులకు 25 దెనారీలని, రెండో రకానికి 20 అని లేఖకుడి కూలి నిర్ణయించాడు. అక్షరాల లెక్క, పంక్తుల లెక్క, రెండూ రాసే చేతి శ్రమను కొలిచాయి. చదివే కంటికి ఎంత శ్రమో తేల్చడానికి ఇంకో కొలత కావాలి.

పదంతో వచ్చిన చిక్కు

పదం అంటే ఏమిటని కంప్యూటర్‌ను అడిగితే, రెండు ఖాళీల మధ్య ఉన్నది అంటుంది. ఇంగ్లీషుకు ఈ నిర్వచనంతో పని జరిగిపోతుంది. తెలుగులో విభక్తి నామానికి అతుక్కుంటుంది, కాలమూ పురుషా క్రియకు అతుక్కుంటాయి, సంధి జరిగితే రెండు మాటలు ఒక్కటవుతాయి. "చెప్పలేకపోయినందుకు" అన్నది తెలుగులో ఒక పదం. అందులో చెప్పడం, చేతకాకపోవడం, జరిగిపోయిన కాలం, కారణం అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషులో అదే చెప్పాలంటే ఆరేడు పదాలు పడతాయి.

పైగా ఎక్కడ ఖాళీ వదలాలన్న విషయంలో రాసేవాళ్లందరిదీ ఒకే పద్ధతి కాదు. "ముస్తాబాద్‌నుంచి" అని కలిపి రాసేవాళ్లున్నారు. "బయలు దేరాం" అని విడదీసేవాళ్లూ ఉన్నారు. మన వాక్యం ఒకరి చేతిలో 4 పదాలు, ఇంకొకరి చేతిలో 6. చదివేవాళ్లకు పట్టే సమయంలో మాత్రం తేడా ఏమీ ఉండదు. నోటితో చదివితే అవే అక్షరాలు, అవే మాత్రలు. రాసేవారి అలవాటును బట్టి మారిపోయే కొలతతో చదివేవారి సమయాన్ని తేల్చలేం.

రాత కష్టమా, తేలికా అని తేల్చే సూత్రాలదీ ఇదే ఇబ్బంది. రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇంగ్లీషు కోసం ఒక సూత్రం తయారుచేశాడు. 206.835 నుంచి, వాక్యానికి సగటున ఉండే పదాల సంఖ్యను 1.015తో గుణించి తీసేయాలి. తర్వాత పదానికి సగటున ఉండే ఉచ్చారణ అక్షరాలను 84.6తో గుణించి తీసేయాలి. మామూలు ఇంగ్లీషు రాతకు జవాబు 0కి, 100కి మధ్య వస్తుంది. 100కు దగ్గరైతే చాలా తేలిక, 0కు దగ్గరైతే చాలా కష్టం. మన వాక్యంలో పదాలు 5, పొల్లును ముందు అక్షరంలో కలిపితే ఉచ్చారణ అక్షరాలు 18. సూత్రంలో వేస్తే జవాబు మైనస్ 103 దగ్గర తేలుతుంది. చిన్న పిల్లలకు కూడా అర్థమయ్యే వాక్యాన్ని ఆ సూత్రం ఏ పండితుడికీ అర్థం కానిదిగా లెక్కగట్టింది. తెలుగు పదం పొడుగ్గా ఉండటం ఈ భాష స్వభావం. దాన్ని కష్టంగా లెక్కవేయడం సూత్రం చేసిన పొరపాటు.

యంత్రం లెక్కపెట్టే తీరు

పదాన్ని పక్కనపెట్టి అక్షరాలు లెక్కపెడదామంటే, యంత్రానికి అక్షరం అంటే ఏమిటో ముందు తెలియాలి. తెలుగుకు యూనికోడ్‌లో 128 గడులున్నాయి. హల్లుకు ఒక గడి, గుణింతపు గుర్తుకు ఒక గడి, పొల్లు గుర్తుకు ఒక గడి. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. యంత్రానికి అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. "రాష్ట్రం" మనకు రెండు అక్షరాలు, యంత్రానికి ఎనిమిది సంకేతాలు. వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు కావాలి. కాబట్టి రెండక్షరాల రాష్ట్రం 24 బైట్ల చోటు తీసుకుంటుంది.

"ముస్తాబాద్‌లో" అన్న మాటలో ఇంకో విశేషం ఉంది. ద్, లో పక్కపక్కన టైపు చేస్తే యంత్రం వాటిని కలిపి ద కింద ల వత్తు వేస్తుంది. అలా కలవకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతాన్ని పెడతారు. తెరమీద దానికి ఆకారం లేదు, నోట్లో దానికి శబ్దం లేదు. యంత్రం లెక్కలో మాత్రం దానికి ఒక స్థానం, మూడు బైట్లు ఉంటాయి. చదివే సమయాన్ని సంకేతాల సంఖ్యతో అంచనా వేస్తే ఈ కనబడని గుర్తుకు కూడా సమయం కేటాయించినట్టే.

ఊళ్లలో ప్రింటింగ్ ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో చాలాకాలం యూనికోడ్ కాని పాత ఫాంట్లు నడిచాయి, కొన్నిచోట్ల ఇంకా నడుస్తున్నాయి. వాటిలో ఒక్క తెలుగు అక్షరాన్ని తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క అన్నట్టు విడదీసి ఇంగ్లీషు అక్షరాల గడుల్లో దాచారు. అక్కడ కంప్యూటరు చూపించే అక్షరాల సంఖ్య అక్షరాలది కానే కాదు, ఆకారాల ముక్కలది.

ఈ విషయంలో పరిస్థితి మెరుగుపడుతోంది. మనిషి ఒక్కటిగా చూసేదాన్ని యంత్రం కూడా ఒక్కటిగా గుర్తించాలని యూనికోడ్ నియమాలున్నాయి. కానీ పొల్లుతో కలిసిన సంయుక్తాక్షరాన్ని ఆ నియమాలు చాలాకాలం విడగొట్టాయి. వాటి లెక్కలో స్త్రీ అంటే స్, త్, రీ అని మూడు ముక్కలు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ లోపాన్ని సరిదిద్దింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగు సంయుక్తాక్షరాన్ని కూడా ఒకే ప్రమాణంగా చూడమని కొత్త నియమం చెప్పింది. ఆ నియమాన్ని పాటించే సాఫ్ట్‌వేర్ స్త్రీని ఒకటిగానే లెక్కపెడుతుంది. బడిలో పలక మీద దిద్దిన పిల్లలకు ఎప్పుడో తెలిసిన లెక్క అది.

మాత్ర చెప్పే కాలం

అక్షరాలను సరిగ్గా లెక్కపెట్టినా ఒక తేడా మిగిలే ఉంటుంది. అన్ని అక్షరాలకూ ఒకే సమయం పట్టదు. మన ఛందస్సు ఆ తేడాను సూటిగా పట్టుకుంది. లఘువు పలకడానికి పట్టే కాలం ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. లఘువు కాలాన్ని రెప్పపాటుతో పోల్చి చెప్పడం మన సంప్రదాయం. దీర్ఘమైతే గురువు. సున్న ఉంటే గురువు. పక్కన సంయుక్తాక్షరమో ద్విత్వమో ఉంటే ముందున్నది గురువు. పొల్లుతో కూడిన అక్షరమూ గురువే.

ఈ లెక్కతో ఊళ్ల పేర్లు కొలిచి చూడండి. సిరిసిల్లలో నాలుగు అక్షరాలు, కోరుట్లలో మూడు. మాత్రలు వేస్తే రెండూ అయిదే. జగిత్యాల 6 మాత్రలు, ముస్తాబాద్ కూడా 6 మాత్రలే. ముస్తాబాద్‌లో మూడూ గురువులు, ఛందస్సులో అది మ గణం. కంటికి పొడుగ్గా, పొట్టిగా కనిపించిన పేర్లు నోటికి వచ్చేసరికి సమానమయ్యాయి.

వృత్త పద్యాల్లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. మాత్రలు లెక్కవేస్తే రెండింటికీ 28. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది. శార్దూలానికి 19, మత్తేభానికి 20. మాత్రలు రెండింటికీ 30. అక్షరాల సంఖ్య మారినా పాదం నడిచే కాలం మారలేదు. ఈ జంటలు చెవికి అక్కాచెల్లెళ్లలా వినబడటానికి కారణం ఇదే.

మాత్ర నిజంగా ఎంతసేపు? దగ్గరి సమాధానం ఒకటి ఆధునిక పరిశోధనలో దొరుకుతుంది. క్రిస్టోఫ్ కూపే, ఫ్రాంస్వా పెలెగ్రినో, వాళ్ల సహచరులు 17 భాషల్లో జనం ఒకే విషయాన్ని పైకి చదువుతుంటే కొలిచి, 2019లో ఫలితాలు ప్రచురించారు. సగటున సెకనుకు అయిదు ఉచ్చారణ అక్షరాలతో నెమ్మదిగా సాగే భాషలున్నాయి, ఎనిమిది దాకా పోయే జపనీస్ లాంటి భాషలూ ఉన్నాయి. అంటే ఒక్కో అక్షరానికి సెకనులో అయిదో వంతు నుంచి ఎనిమిదో వంతు. కనురెప్ప ఒకసారి వాలి లేవడానికి సెకనులో పదో వంతు నుంచి పదింట నాలుగు వంతుల దాకా పడుతుంది. రెప్పపాటుతో పోల్చిన పాతవాళ్ల అంచనా ఈ కొలతల పరిధిలోనే ఉంది. మాత్రకు 150 మిల్లీసెకన్లు అనుకుంటే, రాగం తీయకుండా చదివిన కందానికి 10 సెకన్ల లోపు. కురిక్యాల కందాలు మూడూ కలిపి అర నిమిషం.

ఆ పరిశోధనలో ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. వేగంగా సాగే భాషల్లో ఒక్కో అక్షరం మోసే సమాచారం తక్కువ. నెమ్మదిగా సాగే భాషల్లో ఎక్కువ. రెండూ గుణించి చూస్తే అన్ని భాషలూ దాదాపు ఒకే చోటికి చేరాయి: సెకనుకు సుమారు 39 బిట్లు. సిరిసిల్ల సాంచాల మీద నేసే గుడ్డలో ఇలాంటిదే కనిపిస్తుంది. ఒకే మీటరు పొడవున్న రెండు గుడ్డల్లో ఒకదానికి అంగుళానికి పోగులు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. మీటర్లు మాత్రమే చూస్తే నేతకు పట్టిన సమయం తెలియదు, పోగుల సాంద్రతనూ చూడాలి. తెలుగు పదాల్లో అలాంటి సాంద్రత ఎక్కువ.

కన్ను ఆగే చోట్లు

పైకి చదివేటప్పుడు కాలాన్ని నోరు నిర్ణయిస్తుంది. మనసులో చదువుకునేటప్పుడు కన్ను నిర్ణయిస్తుంది. 1870ల చివర పారిస్‌లో నేత్రవైద్యుడు లూయీ ఎమీల్ జవాల్ పరిశోధనలతో ఒక సంగతి వెలుగులోకి వచ్చింది. చదివేవారి కన్ను పంక్తి వెంట సాఫీగా జారదు. ఒకచోట ఆగుతుంది, ఎగిరి ఇంకోచోట వాలుతుంది. తర్వాత వంద సంవత్సరాల పరిశోధన దీనికి అంకెలు ఇచ్చింది. ఆగిన ప్రతిచోటా దాదాపు పావు సెకను. ఎగరడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు. ఎగిరేటప్పుడు కన్ను కొత్తగా ఏమీ గ్రహించదు. ఇంగ్లీషు చదివేవాళ్ల కన్ను ఒక్కో గెంతుకు ఏడు నుంచి తొమ్మిది అక్షరాలు దాటుతుంది. ప్రతి పది గెంతుల్లో ఒకటో, ఒకటిన్నరో వెనక్కి పోయేవే. అర్థం తెగిన చోటికి కన్ను మళ్లీ వెళ్లి చూసుకుంటుంది.

అన్ని పదాల దగ్గరా కన్ను ఆగదు. ఇంగ్లీషులో అర్థం మోసే పెద్ద పదాల్లో పదింట ఎనిమిది దాకా కంటిని ఆపుతాయి. విభక్తుల్లాంటి పొట్టి పదాల్లో మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే ఆపుతాయి, తక్కినవాటిని కన్ను దాటేస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో అలాంటి పొట్టి పదాలు ఎక్కువ కాబట్టి పదాల లెక్క వేగంగా పరుగెడుతుంది. తెలుగులో కు, లో, తో, నుంచి వంటివి చాలావరకు పెద్ద పదంలోనే కలిసిపోయి ఉంటాయి. దాటేయడానికి విడి పదాలు తక్కువ. పదం పొడుగైనకొద్దీ కన్ను దాని మీద రెండోసారి వాలే అవకాశం పెరుగుతుంది. ఇది పొడవైన పదాలున్న ఫిన్నిష్ భాష మీద జరిగిన ప్రయోగాల్లో బాగా తేలిన సంగతి.

ప్రపంచం కొలిచిన వేగాలు

చదివే వేగం మీద బాగా నమ్మదగిన అంకె 2019లో పరిశోధకుడు మార్క్ బ్రిస్‌బార్ట్ ఇచ్చినది. 190 అధ్యయనాలను, అందులో పాల్గొన్న పద్దెనిమిది వేల పైచిలుకు మందిని కలిపి చూస్తే, ఇంగ్లీషులో పెద్దవాళ్లు కథలు కాని రాతను మనసులో చదివే వేగం సగటున నిమిషానికి 238 పదాలు. కథలైతే 260. పైకి చదివితే 183. అంతకుముందు చాలామంది వాడుతూ వచ్చిన 300 అన్న అంకె ఎక్కువని తేలింది. కథలు వేగంగా సాగడానికి ఆయన చూపిన కారణం మనకు పనికొస్తుంది. కథల్లో పదాలు కొంచెం పొట్టిగా ఉంటాయి. ఒకే భాషలో కూడా పదం పొడవు మారితే పదాల వేగం మారుతుందన్నమాట.

భాషల మధ్య పోలిక కోసం 2012లో సుసానే ట్రౌట్సెటెల్ క్లోసిన్‌స్కీ, క్లాస్ డీట్స్ ఒకే విషయం, ఒకే కష్టం ఉన్న పాఠాలను 17 భాషల్లో చదివించారు. ఈ పాఠాలను పైకి చదివిన వేగం ఇంగ్లీషులో నిమిషానికి 228 పదాలు, స్పానిష్‌లో 218, టర్కిష్‌లో 166, ఫిన్నిష్‌లో 161, అరబిక్‌లో 138. ఫిన్లాండువాళ్లు ఇంగ్లీషువాళ్లకంటే నెమ్మదిగా చదువుతారని దీనికి అర్థం కాదు. అదే విషయాన్ని వాళ్లు తక్కువ పదాల్లో, పొడుగు పదాల్లో చెబుతారు. టర్కిష్, ఫిన్నిష్ రెండూ తెలుగులాగే ప్రత్యయాలు అతికించుకునే భాషలు. ఆ 17 భాషల్లో తెలుగు లేదు. కానీ మన భాష ఏ వైపు నిలుస్తుందో ఆ రెండు పోలికలు చెబుతున్నాయి. వెయ్యి పదాల రాతకు ఇంగ్లీషు వేగంతో 4 నిమిషాల 23 సెకన్లు పడితే, ఫిన్నిష్ వేగంతో 6 నిమిషాల 13 సెకన్లు పడుతుంది. తెలుగు వ్యాసం మీద "5 నిమిషాలు" అని ఇంగ్లీషు లెక్కతో రాస్తే, చదివేవారికి అంతకంటే ఎక్కువ సమయం పట్టడం ఖాయం.

బడిపిల్లల వేగం

వ్యాసం మీది నిమిషాలు తప్పితే ఎవరికీ పెద్ద నష్టం లేదు. పిల్లల చదువును కొలిచేటప్పుడు తప్పితే నష్టముంది. 2021 జులైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టింది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. చదవడం, లెక్కలు చిన్న తరగతుల్లోనే గట్టిపడాలన్న ఆశయం గొప్పది. అందుకు కొలవడం కూడా అవసరమే.

అయితే ఏ పదాలు? "అల, ఇల, తల, వల" నాలుగు పదాలు. "ముస్తాబాద్, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల" కూడా నాలుగే. మొదటి వరుసలో 8 అక్షరాలు, ఒక్క వత్తు కూడా లేదు, మొత్తం 8 మాత్రలు. రెండో వరుసలో 15 అక్షరాలు, నాలుగు వత్తులు, ఒక పొల్లు, మొత్తం 22 మాత్రలు. పదాల లెక్కలో రెండు వరుసలూ సమానం. పిల్లల నోటికి రెండోది దాదాపు మూడింతల పని. వత్తు కనబడగానే పిల్లలు కిందికి చూసి, పైకి చూసి, రెండింటినీ కలుపుకుని పలకాలి. తెలుగు లిపిలో చదవడం నేర్చుకోవడంలో ఇదే పెద్ద మెట్టు. ఒక బడిలో మొదటి రకం పాఠం ఇచ్చి, ఇంకో బడిలో రెండో రకం ఇచ్చి, నిమిషానికి పదాలు పోల్చితే ఆ పోలికకు విలువ ఉండదు.

భాషల మధ్య తేడాను గుర్తించిన ప్రయత్నం ఒకటి మన దేశంలోనే జరిగింది. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లలతో జరిపిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ 20 భాషల్లో సాగింది. చదివే వేగానికి ఒకే గీత గీయకుండా ప్రతి భాషకూ విడిగా ప్రమాణం నిర్ణయించింది. సరైన దారి అది. తెలుగు లోపల కూడా ఆ దారిలోనే నడవాలి. పాఠంలో ఎన్ని పదాలున్నాయో రాసేచోట ఎన్ని అక్షరాలు, వాటిలో ఎన్ని సంయుక్తాక్షరాలు అన్నది కూడా రాయాలి. అప్పుడే పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో టీచరుకు తెలుస్తుంది. వేగం తగ్గిన కారణం పిల్లల్లో ఉందా, పాఠంలో ఉందా అన్నది తేలుతుంది.

మీ వేగం మీరే కొలవండి

దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. ముందెప్పుడూ చదవని పుస్తకంలో నాలుగైదు పేజీలు ఎంచుకోండి. ఒక పేజీలో పది పంక్తుల అక్షరాలు లెక్కపెట్టండి. వత్తులు, గుణింతాలు, సున్నలు ముందు అక్షరంలోనే కలిసిపోతాయి, పొల్లును కూడా ముందు అక్షరంలోనే కలపండి. పంక్తికి సగటు తీసి, పేజీలోని పంక్తులతో గుణిస్తే పేజీకి ఎన్ని అక్షరాలో వస్తుంది. తర్వాత గడియారం చూసుకుని మీ మామూలు తీరులో మనసులో చదవండి. అయ్యాక పుస్తకం మూసి, చదివింది ఎవరికైనా సొంత మాటల్లో చెప్పండి. చెప్పలేకపోతే ఆ కొలతను లెక్కలోకి తీసుకోవద్దు. వేగంగా చదవడం నేర్పుతామనే పద్ధతులన్నింటినీ 2016లో పరిశోధకుడు కీత్ రేనర్ బృందం పరిశీలించింది. మామూలు వేగానికి రెండు మూడింతలు పెంచితే అర్థం చేసుకోవడం తగ్గుతుందనే తేల్చింది. చదవడంలో వేగం పెరగడానికి ఆ బృందం చూపిన నమ్మకమైన దారి ఒక్కటే: ఎక్కువ చదవడం, ఎక్కువ పదాలు తెలుసుకోవడం.

ఉదాహరణకు 1,200 అక్షరాల పేజీని మీరు 3 నిమిషాల్లో చదివారనుకుందాం. మీ వేగం నిమిషానికి 400 అక్షరాలు. 9,600 అక్షరాల కథకు 24 నిమిషాలు కావాలి. అదే వేగం అన్నిటికీ వర్తించదు. తెలిసిన ఊరి కథ ఒక వేగంతో సాగుతుంది, భూమి పత్రాలు, కోర్టు కాగితాలు ఇంకో వేగంతో. రెండు మూడు రకాల రాతల మీద కొలుచుకుంటే మీ అంచనా మీకు నమ్మకంగా ఉంటుంది. పైకి చదవాల్సిన ప్రసంగమో, సభలో చదివే పత్రమో అయితే అక్షరాల బదులు మాత్రలు లెక్కపెట్టండి. నోటి కాలాన్ని అవి ఇంకా దగ్గరగా పట్టుకుంటాయి.

ఇదే పనిని సాఫ్ట్‌వేర్ క్షణంలో చేయగలదు. గురులఘువుల నియమాలు ఎంత కచ్చితమైనవంటే, నాలుగైదు షరతుల్లో ప్రోగ్రాముగా రాసేయవచ్చు. అక్షరాన్ని ఒక్కటిగా గుర్తించే నియమం యూనికోడ్‌లో వచ్చేసింది. తెలుగు వార్తా సంస్థలు, పుస్తకాల యాప్‌లు, కీబోర్డులు తయారుచేసేవాళ్లు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు పదాల లెక్క పక్కన అక్షరాల లెక్క, మాత్రల లెక్క కూడా చూపించడానికి అడ్డేమీ లేదు. కావలసిందల్లా తెలుగును తెలుగు కొలతతోనే కొలవాలన్న పట్టుదల. ఆ పని ముందుగా మొదలవ్వాల్సింది బడి పాఠాల్లో. చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు న్యాయంగా కొలిచే గీత ఇవ్వడం పెద్దవాళ్ల బాధ్యత.